ప్లాస్టిక్కు విసర్జనము: మన సంఘము చేయదగినది

వచ్చు సర్వసభ్య సమావేశమున చర్చకు రానున్న తీర్మానములలో ఒకటి మన కల్యాణ మంటపమునకును, చిత్తిరై ఉత్సవమున మనము నడుపు చలివేంద్రమునకును సంబంధించినది. ఒక్కమారు వాడి పారవేయు ప్లాస్టిక్కు వస్తువులను ఈ రెండు చోట్లను పూర్తిగా మానివేయవలెనని ఆ తీర్మానము కోరుచున్నది. ఈ విషయమై గడచిన కొన్ని వారములుగా మనవారిలో పలువురితో మేము మాటలాడితిమి. అంగళ్ళవారు, వంటవారు, గృహిణులు, ఉద్యోగులు, విద్యార్థులు, అందరును ఒక్క మాటమీద లేరు. కొందరు వెంటనే కావలెననిరి; కొందరు క్రమక్రమముగా జరుగవలెననిరి; కొందరు ఇది మన సంఘము పనియే కాదనిరి. ఎవరి మాటను తోసివేయక, అన్నింటిని సభ్యుల ముందుంచి, పిదప మా అభిప్రాయమును తెలుపుట ఈ వ్యాసమున కుద్దేశము. మేము వర్తకులము. కవరు కొరకు చాచిన చేతులను దినమునకు పలుమారులు చూచువారము. కనుక ఈ మార్పువలన చేతి సొమ్ము కొంత వదలుకొనవలసిన పక్షమున నిలిచియే మాటలాడుచున్నాము.

చట్టము చెప్పునది

మొదట చట్టము మాట. తమిళనాడు ప్రభుత్వము 2018 జూనులో ఉత్తరువు వెలువరించి, 2019 జనవరి 1 నుండి 14 రకముల ప్లాస్టిక్కు వస్తువులను నిషేధించినది. అన్నము పొట్లము కట్టు పలుచని ప్లాస్టిక్కు పొర, భోజనపు బల్లలపై పరచు చుట్ట, థర్మోకోలు పళ్ళెములు, ప్లాస్టిక్కు పూతగల కాగితపు పళ్ళెములును కప్పులును, ప్లాస్టిక్కు గ్లాసులు, నీళ్ళ ప్యాకెట్లు, పీల్చు గొట్టములు, చిన్న జెండాలు, కవర్లు ఆ జాబితాలో నున్నవి. చూపునకు గుడ్డ సంచివలె నుండు పాలీప్రొపిలీను సంచియు అందే యున్నది. అనగా మన పెండ్లి విందులలో నేడు వాడుకలోనున్న వస్తువులలో పెక్కు ఏండ్ల క్రిందటనే నిషేధింపబడినవి. మనము క్రొత్తగా త్యాగమేదియు చేయబోవుటలేదు. ఉన్న చట్టమును పాటింపబోవుచున్నాము, అంతియే.

కేంద్ర ప్రభుత్వము 2021 ఆగస్టులో నియమములను సవరించి, 2022 జూలై 1 నుండి పళ్ళెములు, కప్పులు, చెంచాలు, పీల్చు గొట్టములు, మిఠాయి పెట్టెలపైనను శుభలేఖలపైనను చుట్టు పొర, అలంకారమునకు వాడు థర్మోకోలు మున్నగువానిని దేశమంతటను నిషేధించినది. కవర్ల మందము 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లకు తగ్గరాదని నిర్ణయించినది. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఇచ్చట మన వర్తక సోదరులు ఒక సంగతి గుర్తుంచుకొనవలయును. మందపు కవరు నిషేధములోనికి రాదని టోకు వ్యాపారులు కొందరు చెప్పి అమ్ముచున్నారు. ఆ మాట మన రాష్ట్రమున చెల్లదు. తమిళనాడు ఉత్తరువు ప్రకారము ఎంత మందమైనను, ఏ పరిమాణమైనను కవరు కవరే.

ఇతర రాష్ట్రములందలి మన సోదరుల స్థితియు ఇట్టిదే. కర్ణాటకమున 2016 మార్చిలోను, మహారాష్ట్రమున 2018 మార్చిలోను నిషేధము వచ్చినది. ఒరిస్సాలో 2018 అక్టోబరు 2 నుండి మొదట ఆరు పట్టణములయందు అమలుపరచిరి. ఆ ఆరింటిలో మనవారు అధికముగా నున్న బరంపురము ఒకటి. యానాము చేరియున్న పుదుచ్చేరి ప్రాంతమున 2019 లో వచ్చినది. కావున బళ్ళారి తెలుగువారికైనను, షోలాపురము తెలుగువారికైనను ఇది పరాయి సమస్య కాదు.

హాని ఎచ్చటనున్నది?

చట్టమున్నదన్నమాత్రమున మనసు ఒప్పుకొనదు. కారణము తెలియవలెను. ప్లాస్టిక్కు కుళ్ళదు, మట్టిలో కలియదు. ఎండకు పెళుసై ముక్కలగును. ఆ ముక్కలు మరింత చిన్నవై కంటికి కనబడని రేణువులగును గాని నశింపవు. తగులబెట్టినచో విషవాయువులు వెలువడును. పూడ్చినచో వాన నీటిని భూమిలోనికి దిగనీయదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ప్రకారము 2020-21 లో మన దేశమున పుట్టిన ప్లాస్టిక్కు చెత్త సుమారు 41 లక్షల టన్నులు.

మధుర నగరమున నివసించు మనకు ఈ హాని కాలువలలో కనబడుచున్నది. భాగవతము అష్టమ స్కంధమున మత్స్యావతార కథయందు సత్యవ్రతుడు తర్పణము విడుచుచుండగా చేపపిల్ల చేతికి వచ్చినది కృతమాలా నదిలో. ఆ కృతమాల మన ఊరి నదియే. పోతనామాత్యుని గ్రంథము నింటనుంచుకొని పూజించు మనవారిలో ఎందరో ఈ సంగతి ఎరుగరు, ఎరిగినను నమ్మలేరు. ఏలయన నేడు దానిని ‘కిరుదుమాల్’ కాలువ అందురు. దానిలో పారునది మురుగు. మురుగునకు అడ్డుపడునది కవర్లు, కప్పులు, సీసాలు. 2024 అక్టోబరులో ఒక్క దినపు పెద్ద వానకు సెల్లూరు ప్రాంతమున ఇండ్లలోనికి నీరు వచ్చినది. కాలువల ఆక్రమణము, పూడిక, గుర్రపుడెక్క మున్నగు కారణములు పెక్కు గలవు. ప్లాస్టిక్కు ఒక్కటే కారణమని మేము అనము. కాని పూడిక తీయుట ప్రభుత్వపు పని, కవరు వేయకుండుట మన పని. మన పని మనము చేసినపుడే వారి పనిని గట్టిగా అడుగగలము.

పశువుల సంగతి మరింత బాధాకరము. 2019 అక్టోబరులో చెన్నపట్నము వేపేరిలోని పశువైద్య కళాశాలయందు ఒక ఆవునకు శస్త్రచికిత్స చేసి దాని కడుపునుండి 52 కిలోల ప్లాస్టిక్కు వెలికి తీసిరి. విందు ముగిసిన పిమ్మట మనము విస్తళ్ళను పెంటకుప్పపై వేయుదుము. అరటి ఆకు ఆవునకు మేతయే. కాని ఆ ఆకు మడతలో ఐసుక్రీము చెంచా, పాయసపు కప్పు, ఊరగాయ పొట్లము కలిసియున్నచో గోవునకు మేత వేసినట్లా, విషము పెట్టినట్లా? గోపూజ చేయు కుటుంబముల వారు ఆలోచింతురు గాక.

కాగితపు కప్పు నిరపాయమని పలువురు తలంచుచున్నారు. కాగితము తడియకుండుటకై దాని లోపల ప్లాస్టిక్కు పూత పూయుదురు. ఖరగపురము ఐ.ఐ.టి. పరిశోధకులు 2020 లో పరీక్షించి, అట్టి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవము 15 నిమిషములున్నచో సుమారు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్కు రేణువులు అందులోనికి దిగునని తెలిపిరి. అతిథికి కాఫీతోపాటు మనమిచ్చునది ఇది.

మనవారి అభ్యంతరములు

ఇక మేము వినిన అభ్యంతరములను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

చిన్న అంగళ్ళవారి మాట ఇది: “కవరు లేదన్నచో గిరాకీ ప్రక్క అంగడికి పోవును. పెద్ద దుకాణములవారు సంచికి వెల కట్టి అమ్ముకొందురు. మేమేమి చేయగలము?” ఈ మాటలో నిజమున్నది. 2019 లో నిషేధము వచ్చిన తొలి మాసములలో అందరును భయపడి మానిరి. కొనువారును ఇంటినుండి సంచి తెచ్చుట నేర్చిరి. పిదప తనిఖీలు సడలినవి. 2020 లో కరోనా వ్యాధి వచ్చుటతో ప్రతి వస్తువును మూటగట్టి ఇచ్చుట శుభ్రతగా తోచినది. పాత అలవాటు తిరిగి వచ్చి కూర్చున్నది. ఒంటరిగా మానినవాడు నష్టపడును; వీధియంతయు ఒక్కటై మానినచో ఎవ్వరికిని నష్టము లేదు. కవరు కొనుటకు అంగడివాడు వెచ్చించు సొమ్ము చిన్నదిగా కనబడినను ఏడాది చివర ఖాతా చూచుకొన్నచో తెలియును. ఆ సొమ్మంతయు లాభములో కోతయే. కనుక వీధివారీగా మన వర్తకులు, తమిళ సోదర వర్తకులతో కలిసి, ఒక కట్టుబాటు చేసికొనుట ఒక్కటే మార్గము.

రెండవ మాట: “ఫ్యాక్టరీలో చేయువానిని వదలి, బండిమీద కొత్తిమీర అమ్ము ముసలమ్మకు జరిమానా వేయుట న్యాయమా?” న్యాయము కాదు. ఈ విషయమున మేము అభ్యంతరము చెప్పినవారి పక్షమునే యున్నాము. సరకు తయారగుచున్నంత కాలము అది ఎట్లో అంగడికి చేరుచునే యుండును. చిరుతిండ్ల ప్యాకెట్లు, షాంపూ పొట్లముల మాట చూడుడు. వానిని తిరిగి సేకరించు బాధ్యత తయారుచేయువారిదేనని కేంద్ర నియమములు చెప్పుచున్నను, మన వీధిలో ఆ సేకరణ జాడ కనబడదు. తనిఖీ మొదట తయారీ చోటను, టోకు గిడ్డంగియందును జరుగవలెనని మన సంఘము నగర పాలక సంస్థకు విన్నపము పంపవలయును. అయితే ఒక మాట. పైవాడు చేయలేదు గనుక నేనును చేయననుట వాదమునకు బాగుండును గాని, కాలువకు ఆ వాదము తెలియదు. మన విన్నపమునకు విలువ రావలెనన్నచో మన చేతులు శుభ్రముగా నుండవలెను.

మూడవది ప్లాస్టిక్కు రోడ్ల వాదము. “మన మధురలోనే త్యాగరాజర్ ఇంజనీరింగు కళాశాల ఆచార్యులు ఆర్. వాసుదేవన్ గారు ప్లాస్టిక్కు చెత్తతో రోడ్లు వేయు విధానము కనిపెట్టిరి గదా. చెత్త సరకుగా మారుచుండగా నిషేధమెందులకు?” అని చదువుకొన్న యువకులు కొందరు అడిగిరి. ఆ ఆచార్యులవారు 2002 ప్రాంతమున కళాశాల ఆవరణముననే రోడ్డు వేసి చూపిరి. 2018 లో పద్మశ్రీ పొందిరి. ఊరివారమందరము గర్వింపవలసినదే. కాని ఆ విధానమున చెత్తను మొదట ఏరవలెను, శుభ్రపరుపవలెను, ఆరబెట్టవలెను, తురుమువలెను. పిదప వేడి కంకరపై చల్లి తారు కలుపవలెను. పి.వి.సి. రకము అందుకు పనికిరాదు. సాంబారు అంటిన కప్పును, కాలువలో మునిగిన కవరును ఎవరు ఏరి కడిగి ఆరబెట్టుదురు? ఇదివరకే పుట్టిన చెత్తకు అది మంచి గతి. క్రొత్త చెత్త పుట్టించుటకు అది అనుమతిపత్రము కాదు.

నాల్గవది శుభ్రతను గూర్చినది. దీనిని గృహిణులు గట్టిగా చెప్పిరి. “స్టీలు గ్లాసులను ఒక్క తొట్టి నీళ్ళలో ముంచి తీసి మరల వడ్డించుటకంటె పారవేయు కప్పే నయము” అనిరి. ఆ భయము సహేతుకము. మురికి నీట ముంచిన గ్లాసు రోగమును తెచ్చును. అందుచేత గ్లాసులు కొనుటతో సరిపోదు. కడుగు పద్ధతియు ఏర్పడవలెను. పారు నీటి కుళాయిలు, వేడినీళ్ళు, కడుగువారికి తగిన కూలి, ఆరబెట్టు బల్లలు, ఇవి లేక గ్లాసులు కొనుట వృథా. నీటికరవు గల ఊరిలో ఇంత నీరెక్కడిదని అడిగినవారును ఉన్నారు. పళ్ళెములకు బదులు అరటి ఆకులే వాడుదుము గనుక కడుగవలసినవి గ్లాసులు, గిన్నెలు మాత్రమే. చోళవందాను, తేని ప్రాంతములనుండి ఆకుల కట్టలు ప్రతిదినము మన ఊరికి వచ్చుచునే యున్నవి.

ఐదవది పేద కుటుంబముల కష్టము. “కలిగినవారు వెండి గ్లాసులు పెట్టగలరు, కూతురి పెండ్లికి అప్పు చేసినవానికి అగ్గువ కప్పులే గతి” అని ఒక పెద్ద చెప్పెను. ఈ మాట మమ్ములను అన్నింటికంటె ఎక్కువగా ఆలోచింపజేసినది. తీర్మానము చేసి భారమును పేదవానిపై మోపుట సంఘధర్మము కాదు. దీనికి సమాధానము మన పూర్వుల పద్ధతిలోనే యున్నది.

పూర్వుల పద్ధతి

విజయనగర కాలమునను, నాయక రాజుల కాలమునను ఈ సీమకు వచ్చిన మన పూర్వులు గుళ్ళకు మంటపములు కట్టించిరి, బావులు త్రవ్వించిరి, సత్రములు నడిపిరి. పదునేడవ శతాబ్దమున తిరుమల నాయకుడు త్రవ్వించిన వండియూరు తెప్పకొలను నేటికిని వైగై నీటితో నిండి ఊరికంతటికిని కనులపండువు చేయుచున్నది. నీటిని నిలుపుట, నీరిచ్చుట మనవారికి కీర్తి తెచ్చిన పనులు. ఆ నీటిదారులను మూయుట మన చేతులమీదుగా జరుగరాదు.

సత్రములలోను, సంఘములలోను ఉమ్మడి పాత్రలుండెడివి. గంగాళములు, గుండిగలు, బిందెలు, గరిటెలు, గ్లాసులు భాండాగారమున నుంచి, ఏ కులమువారి యింట శుభకార్యమైనను నామమాత్రపు బాడుగకు, లేనివారికి ఉచితముగా ఇచ్చెడివారు. ఇచ్చిన దాత పేరు పాత్ర అంచున చెక్కించెడివారు. అట్టి పాత్రలు కొన్ని నేటికిని మనవారి యిండ్లలో నున్నవి. దాత గతించి మూడు తరములైనను పేరు చెరగలేదు. నేడు మనము ఉత్సవమునకు చందా ఇచ్చి ప్లాస్టిక్కు పటముపై మన పేరును ముఖమును అచ్చు వేయించుకొనుచున్నాము. పండుగ మరునాడే ఆ పటము చెత్తబండిలో పోవుచున్నది. కీర్తి కోరువారు ఏది మేలో నిర్ణయించుకొందురు గాక.

లెక్క చూతము. ఐదువందలమంది అతిథులు గల పెండ్లిలో ఒక్కొక్కరికి పూటకు నీళ్ళ గ్లాసు, పాయసపు కప్పు, మజ్జిగ కప్పు, ఐసుక్రీము కప్పు, దాని చెంచా అని ఐదు వస్తువులు అనుకొన్నను పూటకు 2,500. మూడు పూటలకు 7,500. మంటపమున ఏడాదికి నలుబది పెండ్లిండ్లు జరిగినచో మూడు లక్షల వస్తువులు. ఇవన్నియు కొని పారవేయబడినవే. అదే ఐదువందలమందిని మూడు పంక్తులుగా కూర్చుండబెట్టినచో పంక్తికి నూటడెబ్బదిమంది. ఒక పంక్తి భుజించుచుండగా వెనుకటి పంక్తి గ్లాసులు కడుగబడుచుండును. నాలుగువందల గ్లాసులు, అన్నియే గిన్నెలు ఉన్నచో ఆ విందు సాగిపోవును. పిదప ఏండ్ల తరబడి పనికివచ్చును. సంఘము ఒక్కమారు కొని యుంచినచో అప్పు చేసి పెండ్లి చేయువానికి కప్పుల ఖర్చు తగ్గును గాని పెరుగదు.

చలివేంద్రము సంగతియు ఇంతే. అళగరు స్వామి వైగైలో దిగు దినమున లక్షలాది జనులకు నీరుమజ్జిగ, పానకము పంచుట పుణ్యకార్యము. కాని సాయంకాలమునకు మన పందిరి చుట్టును మోకాలిలోతు కప్పులు పడియుండుట ఏ పుణ్యములో చేరునో చెప్పలేము. ఆ కప్పులు గాలికి లేచి నేరుగా వైగై ఒడిలోనికే పోవును. దోసిలి పట్టించి పోయుట పూర్వాచారము. దోసిలి ఇష్టము లేనివారికి స్టీలు గ్లాసు. గ్లాసు ఇష్టము లేనివారు తమ చెంబునో సీసానో తెచ్చుకొందురు. తిరుమల కొండపై 2022 జూను నుండి ప్లాస్టిక్కు నిషేధము అమలులోనున్నది. మన ఊరినుండి వెళ్ళు యాత్రికులు అచ్చట కిక్కురుమనక పాటించుచున్నారు. శ్రీనివాసుని ఎదుట పాటించునది మీనాక్షీ సుందరేశుల ఎదుట పాటింపలేమా?

మాటలును పోవుచున్నవి

భాషా అల్పసంఖ్యాకులమైన మనము గమనింపవలసిన సంగతి మరియొకటి గలదు. వస్తువు పోయినచో దాని పేరును పోవును. విస్తరి, దొన్నె, పొట్లము, చేసంచి, చిక్కము, బుట్ట, తట్ట, గోతము, మరచెంబు, ఇవన్నియు ఒకనాడు అంగడికి పోవు బాలునికి తెలిసిన మాటలు. నేటి బాలునికి వీని బదులు కవరు, కప్పు, బాటిలు అను మూడు మాటలు చాలును. బడిలో తెలుగు చదువుటకే వీలులేని మన పిల్లలకు ఇంటిమాటలే గదా తెలుగు? దొన్నె చేతికి వచ్చినగాని దొన్నె అను మాట నోటికి రాదు.

మరియు ఈ మాటలు ఇరుగుపొరుగులతో మనలను కలుపునవి. మన దొన్నె తమిళులకు తొన్నై, కన్నడిగులకు దొన్నెయే, మహారాష్ట్రులకు ద్రోణ్. మన పొట్లము తమిళులకు పొట్టలము. ఒరిస్సా మన్యమునను, దాని సరిహద్దునగల తెలుగు మన్యమునను గిరిజన స్త్రీలు అడ్డాకులు ఏరి విస్తళ్ళు కుట్టి జీవించుచున్నారు; ఒకే అడవి ఆకును ఇరువురును కుట్టుదురు. ఏ భాషవారి సొత్తని దీనిని వేరుచేయలేము. మనము చేపట్టు పని వేరు కుంపటి కాదు, ఊరివారందరి పనిలో మన వంతు.

తమిళనాడు ప్రభుత్వము 2021 డిసెంబరులో ‘మీండుం మంజప్పై’ అను ఉద్యమమును ఆరంభించినది. ‘మరల పసుపు సంచి’ అని దాని అర్థము. పెండ్లిలో తాంబూలముతో ఇచ్చు పసుపు గుడ్డసంచి ఒకప్పుడు ప్రతి యింటను ఉండెడిది. తరువాత పసుపు సంచి పట్టినవాడు పల్లెటూరివాడని నవ్వు కాలము వచ్చినది. ఆ సిగ్గును పోగొట్టుటయే ఆ ఉద్యమము ఉద్దేశము. 2022 లో కోయంబేడు బజారునందు పది రూపాయలు వేసినచో సంచి ఇచ్చు యంత్రమును ఉంచిరి. మన పెండ్లిండ్లలో తాంబూలపు సంచి ఇప్పటికిని ఉన్నది; కాని పెక్కుచోట్ల అది గుడ్డసంచి కాదు, గుడ్డవలె కనబడు ప్లాస్టిక్కే. ఒక నూలుపోగు లాగి నిప్పంటించి చూడుడు. నూలైనచో కాలి బూడిదయగును. ప్లాస్టిక్కైనచో ముడుచుకొని గట్టి పూసవలె అగును. మనవారిలో నేతవారున్నారు, కుట్టుపని చేయు స్త్రీలున్నారు. షోలాపురమున మన పద్మశాలీలు నేతతోనే పేరు గాంచిరి. తాంబూలపు సంచులను వెలివారివద్ద కొనుటకు బదులు మన స్త్రీలచేత కుట్టించినచో ఆ సొమ్ము మన యిండ్లలోనే నిలుచును.

మా సూచనలు

ఈ విషయములన్నియు ఆలోచించి మేము సభ్యుల ఎదుట ఈ క్రింది సూచనల నుంచుచున్నాము.

మొదటిది: వచ్చు ఉగాది మొదలు కల్యాణ మంటపమున థర్మోకోలు, ప్లాస్టిక్కు, పూత కాగితము, వీనితో చేసిన పళ్ళెములు, కప్పులు, బల్లపరుపు చుట్టలు వాడరాదు. ఈ నియమమును మంటపము బాడుగ పత్రముననే తెలుగునను, తమిళమునను వ్రాయవలెను.

రెండవది: నియమముకంటె ముందు పాత్రల భాండాగారము ఏర్పడవలెను. గ్లాసులు, గిన్నెలు, చెంచాలు సంఘము కొనవలెను. దాతల పేర్లు పాత్రలపై చెక్కింపవలెను. పేద కుటుంబములకు బాడుగ లేదు. కడుగుటకు కుళాయిలు, వేడినీటి వసతి అదే సమయమున పూర్తికావలెను. ఇవి సిద్ధము కానిచో నియమము అమలుచేయరాదని మా ఖండితాభిప్రాయము.

మూడవది: చలివేంద్రమున ఈ ఏటినుండియే కప్పులు, నీళ్ళ ప్యాకెట్లు ఉండరాదు. గ్లాసులు కడుగుటకు మన యువజనులు వంతులవారీగా నిలువవలెను.

నాల్గవది: మన వర్తకులు వీధివారీగా కూడి ఒకే దినమునుండి కవర్లు మానవలెను. మరచి వచ్చినవారికి అడమానపు సొమ్ము పుచ్చుకొని గుడ్డసంచి ఇచ్చి, తిరిగి తెచ్చినపుడు సొమ్ము వాపసు ఇయ్యవలెను. వేడి వడలు, బజ్జీలు పాత వార్తాపత్రికలో కట్టుట మాత్రము వలదు. అచ్చు సిరా తిండికి అంటునని ఆహార ప్రమాణముల సంస్థ హెచ్చరించియున్నది. అరటి ఆకులోనో, అచ్చులేని తెల్ల కాగితములోనో కట్టుడు.

ఐదవది: తయారీ చోటను, గిడ్డంగులయందును తనిఖీ ముందు జరుగవలెననియు, బండ్లవారికి, బుట్టలవారికి జరిమానాకంటె మొదట ప్రత్యామ్నాయము చూపవలెననియు నగర పాలక సంస్థకు సంఘము విన్నపము పంపవలెను.

ఆరవది గృహిణులకు: పాల ప్యాకెట్టు మూల కత్తిరించునపుడు ఆ చిన్న ముక్కను పూర్తిగా వేరు చేయకుడు. ప్యాకెట్టును కడిగి ఆరబెట్టినచో పాత సామానువాడు కొనును. వేరైన చిన్న ముక్కను ఎవ్వరును ఏరరు, అది కాలువకే పోవును. దీనికి ఖర్చు లేదు, శ్రమయు లేదు.

ప్లాస్టిక్కు పనిపై ఆధారపడి జీవించువారును మన ఊరిలో గలరు. వారు శత్రువులు కారు. కప్పులు అమ్ము చిన్న వర్తకునికి సరకు తీర్చుకొనుటకు వ్యవధి ఇయ్యవలెను; గుడ్డసంచుల బేరము, ఆకు విస్తళ్ళ బేరము మొదట వారికే చూపవలెను. మార్పు ఒకని కడుపు కొట్టి జరిగినచో అది నిలువదు.

ప్రపంచ దేశములు ప్లాస్టిక్కు విషయమై ఒక ఒడంబడిక చేసికొనవలెనని 2022 మార్చిలో నైరోబీ నగరమున నిశ్చయించుకొన్నవి. 2024 లో బూసాను నగరమునను, 2025 ఆగస్టులో జెనీవాయందును కూడియు అంగీకారమునకు రాలేకపోయినవి. పెద్దవారి తగవులు పెద్దవి. మన తగవు నాలుగువందల గ్లాసులది, ఒక మంటపముది, ఒక పందిరిది. దీనిని తేల్చుకొనుటకు ఏ రాయబారులును అక్కరలేదు. ఒక్క ఆదివారము సాయంకాలము అందరము కూర్చున్నచో చాలును.

ఈ సూచనలలో లోపములున్నచో సభ్యులు సమావేశమున నిస్సంకోచముగా తెలుపవలెను. ఒప్పుకొననివారు రాక మానరాదు. వారి మాటయే ముందు వినవలసినది. ఒక్కసారి తీర్మానమైన పిదప మాత్రము ధనికుల పెండ్లికి ఒక నియమము, పేదల పెండ్లికి ఒక నియమము ఉండరాదు. ఆ సమావేశమునకు వచ్చువారు తమ నీళ్ళచెంబు తామే తెచ్చుకొందురని కోరుచున్నాము.